పొయ్యి మరిచిన ప్లాను

వంటగదిని పెంచి కట్టుకుందామనుకునే కుటుంబాలన్నిటికీ నా మనవి ఒక్కటే. ప్లాను వేయించండి. వేయిస్తూనే ఉండండి. పొరపాటున కూడా కట్టకండి!

నవ్వకండి. ఇంటిల్లిపాదినీ ఒక్క తాటి మీద నిలబెట్టడంలో వంటగది ప్లానును మించింది లేదు. రుజువు కావాలా? మా పక్కిల్లే రుజువు.

ఆ ఇంటి ఇల్లాలికి కంటి ఆసుపత్రిలో ఉద్యోగం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వచ్చినవాళ్ళ కళ్ళకు అద్దాలు మార్చి మార్చి పెట్టి, ఇలా బాగుందా, అలా బాగుందా అని అడగడమే ఆమె పని. ఇంట్లో ఆమెను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. వంటగది చూస్తే అగ్గిపెట్టె. ఫ్రిజ్ తలుపు తెరవాలంటే పొయ్యి దగ్గరున్న మనిషి పెరట్లోకి వెళ్ళి నిలబడాలి. ఒక ఆదివారం ఆమె చెమట తుడుచుకుంటూ, ఈ గదిలో ఒక్కదాన్నే చేసుకోలేకపోతున్నాను అంది. భర్త మంచివాడు. గది మాట ఆయన మనసులో నాటుకుంది. వారం తిరక్కుండా ఇంజనీరును పిలుచుకొచ్చాడు.

ఇక చూడండి వైభోగం! భర్త ఏదో వీడియోలో చూశాడట, గది నడిమధ్య నాపరాతి దిమ్మ ఉండాలన్నాడు. దాని మీద ఏం చేస్తారని ఇంజనీరు అడిగితే, చుట్టూ తిరగొచ్చు కదా అన్నాడు. అత్తగారు తాను కూర్చుని అన్నీ చూసుకోవడానికి కిటికీ పక్కన అరుగు కావాలంది. కాలేజీలో చదివే కూతురు ల్యాప్‌టాప్‌కు ఒక మూల, ఫోన్లకు ఆరు ప్లగ్గులు అడిగింది. ఒకరి కోరిక తీరిస్తే ఇంకొకరిది గోడ అవతల పడేది. ఇంజనీరు ఓర్పుగల మనిషి. చెరిపి మళ్ళీ గీసేవాడు.

అయిదో ప్లాను అద్భుతంగా వచ్చింది. దిమ్మ, అరుగు, ప్లగ్గులు, కుండీల్లో మొక్కలకు మెట్లు, చల్లటి నీళ్ళ మిషనుకు గూడు, అన్నీ అమిరాయి. అందరూ చూసి మెచ్చుకున్నాక కాగితం చివరికి ఇల్లాలి చేతికొచ్చింది. అప్పటిదాకా ఆమె వాళ్ళందరికీ టీ పెడుతోంది మరి.

ఆమె కాగితాన్ని ఆ మూల నుంచి ఈ మూల దాకా చూసింది.

"ఇందులో పొయ్యి ఏదండీ?" అంది.

ఇంజనీరు ప్లానును అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. భర్త కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. సరిగ్గా చూడవే, ఎక్కడో ఉండే ఉంటుంది అంది అత్తగారు. కాసేపటికి ఇంజనీరు మొహం వికసించింది. తలుపు వెనక రెండడుగుల చోటు మిగిలింది, పొయ్యి అక్కడ దివ్యంగా పడుతుందన్నాడు. సమస్య తీరిపోయింది.

ఇదంతా చూసి మీరు ఆమె మీద జాలిపడుతున్నారేమో! తొందరపడకండి. ఆ ప్లాను పుణ్యమా అని నెల రోజుల పాటు సాయంత్రమయ్యేసరికి ఇంటివాళ్ళందరూ ఆ అగ్గిపెట్టెలోనే ఉండేవారు. కొలతలకు అడ్డమని భర్త సింకులోంచి గిన్నెలు తీసేవాడు. తీసినవాడు ఊరుకోలేక కడిగేసేవాడు. కూతురు ప్లగ్గుల కోసం వాదిస్తూ వాదిస్తూ కూరగాయలు తరిగేసేది. అత్తగారు స్టూలు మీద కూర్చుని, అరుగు ఎత్తు ఎంతుండాలో చెబుతూ ఆకుకూర ఒలిచేది. ఒకరు ఫ్రిజ్ తలుపు తెరిచినప్పుడల్లా మిగతా ముగ్గురూ వరసగా పెరట్లోకి వెళ్ళి, నవ్వుకుంటూ తిరిగొచ్చేవారు. ఎనిమిది కాకుండానే వంటయిపోయేది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆమె అందరితో కలిసి, వేడివేడిగా తింది.

ఒకరోజు ఆమె భర్తను పక్కకు పిలిచింది.

"ఇక కట్టొద్దులెండి. ఇలాగే బాగుంది."

భర్త కళ్ళు చెమర్చాయి. తనకంటూ ఏమీ అడగదు పిచ్చిది, అని తల్లితో చెప్పుకున్నాడు. ఆమె త్యాగం వృథా పోకూడదని మర్నాడే మేస్త్రీని పిలిపించాడు.

మూడు నెలలు ఇల్లంతా దుమ్ము. నాలుగో నెలకు వంటగది సిద్ధమైంది. ఎంత బాగుందంటే, ఇక కొలవడానికేమీ మిగల్లేదు. భర్త హాల్లోకి, కూతురు తన గదిలోకి, అత్తగారు టీవీ ముందుకి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. అరుగు మరీ నున్నగా ఉంది, జారిపోతున్నానంది అత్తగారు. పొయ్యి నుంచి సింకుకు తొమ్మిదడుగులు. ఇదివరకు ఉన్నచోటునుంచే అన్నీ చేతికందేవి. ఇప్పుడు ఆమె కూర పొయ్యి మీద పెట్టి ఉప్పు కోసం ప్రయాణం కడుతోంది. తుడవాల్సిన నేల మూడింతలైంది. వ్యాయామం ఆరోగ్యానికి మంచిదే కదా!

మొన్న భర్త ఆఫీసు స్నేహితుణ్ణి తీసుకొచ్చి వంటగది చూపించాడు. ఎంత గట్టిగా తోసినా చప్పుడు కాకుండా మూసుకునే సొరుగులను నాలుగైదుసార్లు తెరిచి మూశాడు. వీటిలో ఏం పెడతారని స్నేహితుడు అడిగాడు. భర్త కాస్త తడబడి భార్య వైపు చూశాడు. ఆమె వెనక్కి తిరక్కుండానే, గరిటెలు అంది.

స్నేహితుడు వెళ్ళాక ఆమె స్టవ్ కట్టేసి, ఒక తెల్లకాగితం తీసుకుని దిమ్మ దగ్గర కూర్చుంది. భర్త తొంగి చూశాడు. కాగితం మీద గీతలేమీ లేవు, నాలుగు సున్నాలున్నాయి. వాటిలో పొయ్యి దగ్గర నేను అని, దిమ్మ దగ్గర అమ్మాయి అని, అరుగు మీద అత్తయ్య అని, సింకు దగ్గర మీరు అని రాసి ఉంది.

"గోడలు గియ్యలేదేం?" అన్నాడు భర్త.

"గోడలు కట్టేశారుగా. మనుషులే మిగిలారు."

భర్త కాగితాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత సింకు దగ్గరి సున్నా మీద వేలు పెట్టి, నిజంగానే ఆలోచనలో పడ్డాడు.

"ఇక్కడ నేను పడతానంటావా? ఎందుకైనా మంచిది, ఇంజనీరుగారిని ఒకమాట అడుగుదాం."