ఐదు అతుకులు, ఒక చుక్క

పదింటికి మైక్రోస్కోపు, ఒంటిగంటకు భోజనం, సాయంత్రానికి థీసిస్‌లో చివరి అధ్యాయం. ఆ రోజుకి కోడలు వేసుకున్న పథకం అంతే. అణు రియాక్టర్ గోడలకు వాడే ఉక్కు చలిలో ఎలా విరుగుతుందో తేల్చడానికి ఆమె మూడేళ్లుగా వేలెడంత కడ్డీలు విరగ్గొడుతోంది. వాటిలో మంచివి ఆరు ఏరి, బిస్కెట్ల డబ్బాలో సర్ది, హాల్లో బల్ల మీద పెట్టింది. విరిగిన చోట వేలు కూడా పడకూడదు. పగులు ఎక్కడ మొదలైందో ఈ రోజు కనిపించకపోతే, మైక్రోస్కోపు మళ్లీ దొరికేది నాలుగు నెలలకే. డిగ్రీ ఆ తర్వాతెప్పుడో.

"విరిగినవన్నీ సార్‌కి చూపించాలే. ఏమంటారో ఏమో, గుండె దడగా ఉంది," అని ఫోనులో స్నేహితురాలితో చెప్పుకుంది.

పక్కన పేపరు చదువుతున్న మామగారు నలభై ఏళ్లు వెల్డింగ్ చేసి రిటైరైన మనిషి. కోడలు రాతపనికని గదిలోకి వెళ్లగానే డబ్బా మూత తీశారు. ఆరు కడ్డీలు, పన్నెండు ముక్కలు. పిచ్చిపిల్ల, కాలేజీ సామాను విరగ్గొట్టి ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోతోంది అనుకున్నారు. డబ్బా చంకన పెట్టుకుని పెరటి షెడ్డులోకి నడిచారు.

తొమ్మిదిన్నరకు డబ్బా ఆమె చేతికిస్తూ, "ధైర్యంగా వెళ్లమ్మా. నిన్నెవరూ ఒక్క మాట అనరు," అన్నారు.

ల్యాబులో మూత తీస్తే ఐదు కడ్డీలు నిక్షేపంగా, నిగనిగలాడుతూ కనిపించాయి. ఆరోది లేనే లేదు. కోడలు స్టూలు మీద కూలబడింది. ప్రొఫెసర్ ఒక కడ్డీని అటూ ఇటూ తిప్పి చూశారు.

"అతుకు బ్రహ్మాండంగా ఉందే. ఎవరు చేశారమ్మా?"

ఆమె నోరు విప్పేలోగా, మనసాగక వెనకాలే వచ్చిన మామగారు తలుపు తోసుకుని లోపలికి వచ్చారు. "అమ్మాయినేమీ అనకండి సార్. విరగ్గొట్టింది నేను."

"ఏ ఉష్ణోగ్రత దగ్గర?" అన్నారు ప్రొఫెసర్, అలవాటు కొద్దీ.

"పొద్దున్నే కదండీ... కాస్త చల్లగానే ఉంది."

"మామయ్యా, అవి కావాలని విరగ్గొట్టినవి. నా చదువే అది," అంది కోడలు, ఏడుపు ఆపుకుంటూ.

మామగారి మొహం వాడిపోయింది. జేబులోంచి కళ్లజోడు పెట్టె తీశారు. అందులో ఆరో కడ్డీ రెండు ముక్కలుగానే ఉంది. "దీన్ని అతకలేదమ్మా. విరిగిన చోట నల్ల చుక్క కనపడింది. అతుకుల సంగతి బయటపడితే, తప్పు ఉక్కుది, మా పిల్లది కాదని సార్‌తో వాదిద్దామని తెచ్చాను. సాక్ష్యం కదా, విరిగిన చోట ముట్టుకోలేదు."

మైక్రోస్కోపు కింద పెడితే పగులు గీతలన్నీ ఆ చుక్క దగ్గర నుంచే బయల్దేరాయి. ఆమె మూడేళ్లుగా వెతుకుతున్నది అదే.

"మిగతా ఐదూ రెండు వారాల్లో మళ్లీ విరగ్గొట్టుకోవచ్చు. ఇలాంటిది మళ్లీ దొరకదు," అన్నారు ప్రొఫెసర్.

కోడలు మామగారి చెయ్యి పట్టుకుంది. "నా తరఫున వాదించడానికి ఇంత దూరం వచ్చారా మామయ్యా," అంది. ఆయనేమో ఐదు అతుకులకూ క్షమాపణలు చెబుతూనే ఉన్నారు.

థీసిస్‌లో మొదటి కృతజ్ఞత మామగారికే రాసింది. అది సమర్పించేదాకా షెడ్డు తాళంచెవి మాత్రం తన దగ్గరే పెట్టుకుంది.