గోపాల్ రావు డీజిల్, నా ఇంజన్‌ల గంధకం

కోరుట్ల గోపాల్ రావు బంకుల డీజిల్ తాగి నా అయిదు హార్స్‌పవర్ ఇంజన్ పోయిన యాసంగిల పాణం ఇడిసింది. అందుకే అంటున్న, గోపాల్ రావు మెడల దండెయ్యాలె! కల్తీ డీజిల్ అసొంటి దీవెన ఈ భూమ్మీద ఇంకోటి లేదు!

నవ్వకుండ్రి. మీ ఊర్లె దోమలున్నయా? నా ఇంజన్ చాలు జేస్తె దోమలు రాయికల్ దాంక ఉరికేటియి. గజ్జి ఉన్నదా? గజ్జికి మందు గంధకమే గదా! సైలెన్సర్ ముంగట అంగి ఇప్పి పావుగంట నిలబడుండ్రి, డాక్టర్ ఫీజు మిగులుతది.

అదే డీజిల్ తాగే మా వెంకటి జీపు కోరుట్ల నుంచి కొండగట్టుకు పోతె మూడు చోట్ల ఆగుతది. ఆగినప్పుడల్లా భక్తులు దిగి, దేవున్ని తలుసుకుంట నూకుతరు. పైసలిచ్చి కూసుంటె వచ్చే పుణ్యమెంత, నూకితె వచ్చే పుణ్యమెంత!

ఇగ సమానత్వం. పెద్దోడు, చిన్నోడు ఒక్కటి గావాలె అని అన్నలు ఏండ్లకేండ్లు అడవుల పడి కొట్లాడుతున్నరు. గోపాల్ రావు తుపాకి పట్టకుంటనే చేసి సూపిచ్చిండు. సర్పంచు ట్రాక్టర్, పోలీసోళ్ల వ్యాను, నా ఇంజన్... అన్నిటికీ ఒక్కటే దగ్గు!

ఆ ఇంజన్ కింద పారే పొలం గూడ గోపాల్ రావు దయనే. మా ఊరి దొర ఆయన; అన్నల భయానికి గడికి తాళమేసి కోరుట్లకు పోయేటప్పుడు ఎకరం ఇరవై ఏడు గుంటలు సాదా కాయితం మీద నాకు అమ్మిండు. మా అసొంటోళ్లు ఇచ్చిన పైసలతోటే బంకు పెట్టిండు.

అన్నలు బస్సులు కాలవెడుతున్నరని డబ్బాలల్ల డీజిల్ పొయ్యద్దన్నరు పోలీసోళ్లు. బండి టాంకులనే పొయ్యాల్నట. బాయికాడి ఇంజన్‌కు కాళ్లుంటయా? టాంకు ఒక్కటి ఇప్పి తెస్తనంటె, “అది గూడ డబ్బానే” అన్నరు. ఏం జేద్దును? ఎడ్లబండి మీద ఇంజన్‌ను పెండ్లిపిల్ల లెక్క కూసోవెట్టి, తాళ్లు గట్టి, రెండొద్దులకొకసారి కోరుట్లకు ఊరేగిచ్చిన.

“ఏం మామా, మల్ల పిల్లను తోలుకచ్చినవా?” అనేటోడు బంకుల పైపు పట్టే సమ్మయ్య.

“కడుపు నిండ పొయ్యిరా. వరి పొట్ట మీదున్నది. నీళ్లు తప్పితె తాలే!”

పోసిండు. అట్ల రెండు నెలలు తాగి, ఆ వారమే ఇంజన్ పట్టేసింది.

మెకానిక్ పరశురాములు ఇప్పి సూసిండు. నోజల్ చుక్కలు కారుతున్నది. పంపు అరిగింది. రింగులు చేతుల్నే ఇరిగినయి. లైనర్ నిండ పుండ్లు.

“డీజిల్ల గంధకం మస్తుంది కాకా. మండినంక తేమ తగిలితె తేజాబ్, అదే యాసిడ్, అయి ఇనుమును తింటది. మీదికెళ్లి కిరసనాయిల్ కలిపిండ్రు, పంపుకు జిడ్డు లేకుంటయింది.”

అయిదో తరగతిల బడి ఇడిసినోనికి ఇంత కెమిస్ట్రీ ఎవలు చెప్తరు? అదీ బెత్తం దెబ్బ లేకుంట!

చదువు ఎక్కంగనే పొగరెక్కింది. కాయితం రాసి ఠాణాల ఇచ్చిన: ‘అయ్యా, నా బాయికాడ ఇంజన్‌ల గంధకం దొరికింది. విచారించాలె.’

విచారించిండ్రు! ఎస్సై సారు ఎక్కడో కృష్ణ అవతలి మనిషి.

“గంధకమా? ఎన్ని కిలోలు?”

“కిలోలు గాదు సార్, డీజిల్ల కరిగి ఉంటది.”

“కరిగించడం కూడా నేర్చుకున్నావా! ఏ దళం వాడు నేర్పాడు?”

“దళమోడు గాదు సార్. మా పరశురాములు.”

పొద్దుగూకకముందే పరశురాములును పట్టుకచ్చి నా పక్కపొంటి కూసోవెట్టిండ్రు. “నీకు కెమిస్ట్రీ చెప్పుడు నాదే తప్పు కాకా” అన్నడు.

నాలుగో రోజు మమ్ముల ఇడిపిచ్చింది ఎవలనుకుంటున్నరు? గోపాల్ రావే! “మావోడే సార్, ఎడ్డోడు” అన్నడు. రెండు చేతులెత్తి మొక్కిన.

పట్టుకచ్చిన ఇంజన్‌ను మాత్రం ఇడువలే. సాక్ష్యమట! మెడల చీటి కట్టుకొని ఇరవై రెండొద్దులు ఠాణా ముంగట కూసున్నది. పొలం కాడ వరి నిలువునా ఎండింది. కోసే బాధ లేదు, తూర్పార పట్టే బాధ లేదు. ఇది దీవెన గాదా?

“నువ్వు ఆ అయిదేండ్లు గూడ బడికి పోకుంటె ఇయ్యాల బువ్వ తిందుము” అన్నది మా ఇంటామె రాజవ్వ.

రింగులు, లైనర్, నోజల్, పంపు, ఏడాది తిండి. పొలం అమ్మిన. కొన్నది ఎవలు? సమ్మయ్య! పైపు పట్టేటోడు పొలం కొన్నడంటె కల్తీ డీజిల్ పేదోన్ని ఎంత పైకి తెస్తున్నదో సూడుండ్రి. పేరు సమ్మయ్యది. కాయితం మాత్రం గోపాల్ రావు టేబుల్ సొరుగుల ఉన్నది.

వాళ్ల నాయిన కాలంల ఒగని భూమి గుంజాల్నంటె గుండాలు, పట్వారి, కట్టెలు... ఎంత తండ్లాట! కొడుకుకు ఒక్క పైపు సరిపోయింది.

నా ఇంజన్ ఇప్పుడు మంచిగ నడుస్తది. దాని కిందనే ఏం లేదు. ఎకరం ఇరవై ఏడు గుంటలు.