ఎపేలి మళ్ళీ ఆడుతున్నాడట

ఆ శనివారం పొద్దున ఎపేలి రొకోతుని వేసుకున్న పథకంలో ఫుట్‌బాల్ లేదు. కొండవాలు మీదున్న చేనుకు వెళ్ళాలి, గంపెడు చేమదుంపలు తవ్వాలి, మధ్యాహ్నం లోపు ఇంటికి చేరాలి. అంతే. రాజధాని సువా నుంచి బావమరిది తను చేసుకోబోయే పిల్లను వెంటబెట్టుకుని సాయంత్రం భోజనానికి వస్తున్నాడు. పెరట్లో వంటకు తవ్విన లోవో గుంతలో రాళ్ళు కాలుతున్నాయి. పందిమాంసం, కోళ్ళు, చేపలు ఆకుల్లో చుట్టుకుని వరసగా పడుకున్నాయి. దుంపలే లేవు.

"దుంపలు లేకుండా గుంత మూశానంటే మా అమ్మ నన్ను మనిషిలా చూడదు," అంది భార్య లొసలిని. "దారిలో ఆ మత్తు కావా తాగడానికి ఎక్కడా కూలబడకు. ఎవరైనా పాత మ్యాచుల సంగతి ఎత్తితే చెవుడున్నట్టు నడిచిపో."

"నేనెప్పుడు కూలబడ్డాను?"

లొసలిని గుంతలో ఇంకో కట్టె వేసింది. ఇన్నేళ్ళ కాపురంలో కొన్ని ప్రశ్నలకు ఊపిరి ఖర్చు చేయడం మానేసింది.

రాత్రంతా వాన పడింది. కొండవాలు సబ్బు రాసినట్టు ఉంటుంది. రబ్బరు బూట్లు చూస్తే, ఒకదాని మడమ కుక్క తినేసింది. జారకుండా నేలను పట్టుకునేవి ఇంట్లో ఇంకొక్క జతే ఉన్నాయి. ఎపేలి మంచం కింద నుంచి పాత ఫుట్‌బాల్ బూట్లు లాగి, బల్లి గుడ్లు దులిపి, వేసుకున్నాడు. ముసురు పడితే సలిపే ఎడమ మోకాలికి తెల్లపట్టీ చుట్టాడు. బురదకు పనికొస్తుందని పాత నిక్కరు తొడిగాడు. చేతిలో గునపం లేకపోతే అచ్చం ఆటకు బయల్దేరినట్టే ఉన్నాడు. గునపం చేను గుడిసెలోనే ఉంది.

ఎపేలి వయసంతా మిల్ రోవర్స్ జట్టులో డిఫెండర్‌గా గడిచింది. గొప్పగా ఆడేవాడని అతని తల్లి కూడా అనేది కాదు. బంతి దాటిపోయినా మనిషి దాటిపోకూడదన్నది అతని సిద్ధాంతం. దేశం తరఫున ఒకే ఒక్కసారి ఆడాడు. ఆ రోజు ఫిజీ చిత్తుచిత్తుగా ఓడిపోయింది గానీ, గోల్‌లోకి పోతున్న ఒక బంతిని ఎపేలి ముక్కుతో ఆపాడు. అప్పట్నుంచీ ఆ ముక్కు కుడివైపే చూస్తోంది. రిటైరయ్యాక కుర్రాళ్ళకు కోచింగ్ మొదలుపెడితే వాళ్ళ తల్లులు ఊరేగింపుగా వచ్చి మాన్పించారు. కాల్చిన కోడికాళ్ళ బండి పెడితే అమ్మినవాటికంటే తను తిన్నవే ఎక్కువయ్యాయి. చివరికి చేను మిగిలింది. మైదానం వైపు మాత్రం వెళ్ళడం లేదు. అక్కడికెళ్తే మోకాలు బాధపెడుతుందని అందరికీ చెప్పేవాడు. నిజానికి కిందటేడు గేటు దగ్గర కొత్త మనిషెవరో, "పెద్దాయనా, టికెట్టు," అన్నాడు. ఆ సంగతి భార్యకు కూడా చెప్పలేదు.

రాకిరాకి రోడ్డెక్కాడో లేదో, బిమ్లేశ్ టాక్సీ పక్కన వచ్చి ఆగింది.

"ఏంటన్నా, బూట్లేసుకున్నావ్? ఎక్కడికి?"

ఎపేలికి భార్య మాట గుర్తొచ్చింది. ఆగలేదు. "పనుంది బిమ్లేశ్. ఇవాళ గట్టెక్కకపోతే పరువు పోతుంది."

బిమ్లేశ్ అలాగే చూస్తుండిపోయాడు. ఆ మధ్యాహ్నమే రోవర్స్‌కి హార్బర్ జట్టుతో మ్యాచ్. ఓడితే కింది డివిజన్‌కి పోవడమే. ఉన్న ఒక్క మంచి డిఫెండరూ రాత్రి పీతలు తిని, పొద్దుట్నుంచి మరుగుదొడ్డి వదిలి రావడం లేదు. పాత బూట్లు, మోకాలికి పట్టీ, పరువు. బిమ్లేశ్‌కి ఇంకేం చెప్పక్కర్లేదు. బండి మార్కెట్ వైపు తిప్పాడు.

ఎపేలి దుంపలు తవ్వుతున్నంతసేపూ కింద కబురు బలిసింది. ఎపేలి ఆడుతున్నాడట అన్నది మొదటి మాట. ఆర్నెల్లుగా కొండ మీద దొంగచాటుగా సాధన చేస్తున్నాడట అన్నది రెండోది. చేపల వరసకు చేరేసరికి న్యూజిలాండ్ డాక్టరెవరో అతనికి కొత్త మోకాలు వేశాడు.

గంప భుజానికెత్తుకుని ఎపేలి మార్కెట్ దగ్గరికి రాగానే కూరగాయలమ్మే ఆడవాళ్ళు చుట్టుముట్టారు. ఒకావిడ గంప లాగేసుకుంది.

"ఇవాళ బరువులెత్తుతారా ఎవరైనా? నడుం పట్టేస్తే?"

"నా నడుం బాగానే ఉంది. గంపివ్వమ్మా, ఇంట్లో రాళ్ళు కాలుతున్నాయి."

"రాళ్ళే కాదు, ఊరంతా కాలిపోతోంది నీకోసం."

"నేను ఆడట్లేదు."

"తెలుసులే. మేం మాత్రం ఎవరికి చెప్తాం?" అని ఆవిడ అతని నోట్లో అరటిపండు కుక్కింది.

గంప బిమ్లేశ్ టాక్సీ డిక్కీలోకి పోయింది. దుంపల వెనకే ఎపేలి కూడా ఎక్కాల్సి వచ్చింది. "ఇంటికేగా?" అన్నాడు. "ఇంటికేనన్నా," అన్నాడు బిమ్లేశ్. బండి మాత్రం మైదానం గేటు ముందు ఆగింది.

రోవర్స్ ఛైర్మన్ కామతా ప్రసాద్ చేతులు చాచి పరుగెత్తుకొచ్చాడు. మనిషి కళ్ళలో నీళ్ళు. "ఒక్క మాట నాకు ముందు చెప్పకూడదటయ్యా?"

"ఛైర్మన్ గారూ, నేను దుంపలకని..."

అప్పుడు రేకుల షెడ్డు కింద కూర్చున్న జనం అతన్ని చూశారు. "ఎపేలి, ఎపేలి," అంటూ రేకులు వాయించడం మొదలుపెట్టారు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ చప్పుడు వింటుంటే ఎపేలి పొట్ట దానంతటదే లోపలికి పోయింది.

"చొక్కా ఏ సైజుంది?" అన్నాడు.

చొక్కా బొడ్డు దాకే వచ్చింది. అది కిందికి లాక్కుంటుండగా కబురు విన్న లొసలిని పక్కింటివాళ్ళ లారీలో దిగింది. వెంట ముందుగానే వచ్చేసిన తమ్ముడు, చేసుకోబోయే పిల్ల కూడా ఉన్నారు.

"దుంపలేవి?"

"టాక్సీలో."

"నువ్వు ఈ చొక్కాలో ఎందుకున్నావ్?"

"మీ ఆయన మా పరువు కాపాడుతున్నాడమ్మా," అన్నాడు కామతా ప్రసాద్.

లొసలిని నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఈయన్ని దింపితే మీ పాయింట్లు పోతాయి ఛైర్మన్ గారూ. వీడ్కోలు మ్యాచ్‌లో ఈయనకి రెడ్ కార్డు ఇచ్చారు. మా చుట్టాలందరి ముందూ, మెడలో దండలతో బయటికొచ్చాడు. ఆ నిషేధం ఇంకా అలాగే ఉంది. తర్వాతి మ్యాచ్‌లో బయట కూర్చుంటే తీరేది, ఈయన రిటైరైపోయాడుగా."

ఛైర్మన్ ముఖం వాడిపోయింది. చొక్కా తిరిగి తీసుకోవడానికి మెల్లగా చెయ్యి చాచాడు. ఎపేలి చొక్కా అంచు వదల్లేదు. లొసలిని ఒక్క క్షణం మొగుడి ముఖం చూసింది.

"ఆడకూడదన్నారు గానీ పరుగెత్తకూడదని ఎవరూ అనలేదుగా," అంది. "గీతకవతల, కంచె పక్కన, దిగబోయేవాడిలా పరుగెత్తించండి. హార్బర్ వాళ్ళకి మీరేమీ చెప్పకండి." తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వు దుంపలు తీసుకెళ్ళి గుంత మూయించు. నేనిక్కడ ఈయన్ని చూసుకోవాలి."

హార్బర్ కోచ్ మోతీలాల్ ఒకప్పుడు ఫార్వర్డ్. కుడికాలు కాస్త ఈడుస్తాడు. కారణం ఎపేలి. కంచె పక్కన ఆ ముక్కు కనిపించగానే అతని చెయ్యి దానంతటదే పిక్క మీదికి పోయింది.

ఆట మొదలైంది. హార్బర్ కుర్రాళ్ళు ఎడమవైపు నుంచి దూసుకొచ్చినప్పుడల్లా ఎపేలి ఆగి, వంగి, బూటు తాడు బిగించాడు.

"అటెళ్ళకండ్రా, దిగుతున్నాడు," అని మోతీలాల్ కేకేసేవాడు.

జట్టు జట్టంతా కుడివైపే ఇరుక్కుని ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు తొక్కుకుంది. రోవర్స్ గోల్‌కీపర్ స్తంభానికి ఆనుకుని, ఎవరో అందించిన వేరుశెనగలు తిన్నాడు. ఎపేలికి మాత్రం ఊపిరందడం లేదు. ఆగుదామని చూస్తే కంచె మీదుగా లొసలిని, "చేతులు పైకెత్తు. ఇంకా భయంగా చూడు. ఇంట్లో నన్ను చూసినట్టు కాదు, వాళ్ళు భయపడేట్టు," అంది.

ఆట ఆఖర్లో ఎపేలి ఆయాసం పట్టలేక చొక్కా విప్పేశాడు. చొక్కా మార్చుకుని దిగబోతున్నాడనుకుని హార్బర్ డిఫెండర్ బంతిని వదిలి అటు చూశాడు. బంతి అతని వీపుకి తగిలి, సొంత గోల్‌లోకి దొర్లుకుంటూ పోయింది. ఒక్క గోల్‌తో రోవర్స్ గట్టెక్కింది.

జనం ఎపేలిని భుజాల మీద ఇంటికి మోసుకొచ్చారు. అత్తగారు దుంపలు బాగా ఉడికాయంది. కొత్త పిల్ల పక్కకు జరిగి అతనికి చోటిచ్చింది. కావా గిన్నె చుట్టూ చేరిన ఊరి పెద్దలు చాలాసేపు వాదించుకుని, చివరికి ఒక మాట మీదికొచ్చారు. ఎపేలి తన జీవితంలో ఇంత బాగా ఎప్పుడూ ఆడలేదని.