నాలుగు శాతం గువ్వ

మనిషి శరీరాన్ని ఎవరు తయారు చేశారన్న విషయంలో అభిప్రాయభేదాలు ఉండవచ్చు గానీ, అది ఏ మేరకు పనిచేస్తోందో తేల్చే సర్వాధికారం మాత్రం శాతాల విభాగానిదే. ఆ విభాగం మూడో అంతస్తులో కొలువై ఉంది. (లిఫ్టు లేదు. ఎక్కి వచ్చినవారికి కాళ్లు బాగున్నట్టే. ఎక్కలేనివారు దరఖాస్తు చేసుకోనట్టే.)

అక్కడికి నేను మా చెల్లెలికి తోడుగా వెళ్లాను. ఆమె కూతురిని ఇంట్లో గువ్వ అంటాం. ఎనిమిదేళ్లు నిండినా ఏ చెప్పు ఏ కాలిదో తెలియదు. నేర్చుకున్న అక్షరం మర్నాటికి ఉంటుందో ఉండదో చెప్పలేం. విన్న మాటను మాత్రం విన్న గొంతుతోనే అప్పజెబుతుంది. పక్కన కూర్చుని నేర్పే సహాయక టీచరు ఉంటేనే చేర్చుకుంటామని బడివాళ్లు అన్నారు. ఆ టీచరు రావాలంటే పాపకు వైకల్యం ఇంత శాతమని శాతాల విభాగం ముద్ర పడాలి. మా చెల్లెలికి ఈ లోకంలో మరో కోరిక లేదు.

వైకల్యం కళ్లకు కనిపిస్తే చాలదనీ, దానికి కారణం కూడా వెంట తెచ్చుకోవాలనీ విభాగం నియమం. అందుకని గువ్వ రక్తం తీసి ల్యాబుకు పంపాం. అక్కడి పద్ధతి విచిత్రంగా ఉంటుంది. కణాలకు కావలసిన ఒక విటమిను అందకుండా పస్తు పెట్టి పెంచుతారు. అప్పుడు కొందరి క్రోమోజోముల మీద ఒకచోట విరిగినట్టు చిన్న సందు బయటపడుతుంది. దాన్ని పెళుసు చోటు అంటారు. గువ్వ కణాల్లో నూటికి నాలుగింటిలో అది కనిపించింది.

"దీనివల్లే పాపకి ఇలా ఉందని ఖాయంగా చెప్పలేనమ్మా," అంది ల్యాబు రిపోర్టు రాసిన డాక్టరమ్మ. "కొన్ని పెళుసు చోట్లకి బుద్ధి ఎదుగుదలతో సంబంధం ఉందని తెలుసు. ఇది వాటిలోది కాదు. సంబంధం ఉండొచ్చు, లేకపోవచ్చు. కారణం ఏదైనా పాపకి సాయం కావాలి. అదే రాశాను."

శాతాల అధికారి ఆ రిపోర్టును భక్తిగా చదివారు.

"నూటికి నాలుగేనా? కనీసం నలభై ఉండాలమ్మా," అన్నారు జాలిగా.

"అది కణాల లెక్కండీ. పిల్లది కాదు," అంది చెల్లెలు.

"పిల్లలో ఉండేవి కణాలే కదా! మిగతా తొంభై ఆరూ శుభ్రంగా ఉన్నాయి. సంతోషించాల్సింది పోయి ఆ మొహమేంటమ్మా?"

నాకు ఒళ్లు మండింది. "ఒక్కసారి పిల్లని చూడండి సార్. మీ ఎదురుగానే ఉంది."

"చూసి చెప్పడం మొదలెడితే ఒక్కొక్కరికి ఒక్కోలా కనిపిస్తారండీ. మాది శాస్త్రీయ పద్ధతి," అన్నారాయన తలెత్తకుండానే. "పైగా 'ఉండొచ్చు' అనే దానికి మా ఫారంలో గడి లేదు. ఆ క్రోమోజోముని ఏదో ఒకటి తేల్చుకోమనండి. రేపు రండి."

"రేపు రండి!" అంది గువ్వ, అచ్చం ఆయన గొంతుతోనే. మా వెనక వరసలో ఉన్న ఇద్దరు అది అధికారి మాటే అనుకుని సంచులు సర్దుకుని మెట్లు దిగిపోయారు.

రేపు వెళ్లాం. ఆ తర్వాతి రేపులూ వెళ్లాం. ఒక రేపు అధికారి ఉదారంగా ఉపాయం కూడా చెప్పారు. "ఆ కణాల్ని ఇంకొన్నాళ్లు పస్తు పెట్టమనండి. నలభై దాకా రాకపోతుందా?"

డాక్టరమ్మకు ఫోనులో ఈ మాట చెబితే ముందు నవ్వింది, తర్వాత నిజంగానే అన్నారా అని రెండుసార్లు అడిగింది.

అయితే పస్తు పెడితే పెళుసు చోటు బయటపడుతుందన్నది నిజమే. పొద్దున్నుంచీ అన్నం లేకుండా వరసలో నిలబడ్డ మా చెల్లెలు ఒకరోజు ఆ బల్ల ముందే భోరుమంది. చిన్నప్పుడు చెయ్యి విరిగినా ఏడవని పిల్ల అది.

అధికారి కరకు మనిషేం కాదు. కదిలిపోయారు. అప్పటికప్పుడు కొత్త నియమం సృష్టించి ముద్ర వేశారు: వైకల్యం నాలుగు శాతం కనుక సాయం కూడా నాలుగు శాతం మంజూరు. బడి వేళల్లో అది సుమారు పావుగంట.

ఇప్పుడు టీచరు రోజూ వస్తోంది. గువ్వ చెప్పులు సరిచేసి, పుస్తకం తెరిచి, వేలు పట్టుకుని మొదటి అక్షరం మీద పెట్టించేసరికి పావుగంట అయిపోతుంది. మిగిలిన బడివేళ అంతా గువ్వకు ఏ ఇబ్బందీ లేదని విభాగం గట్టిగా నమ్ముతోంది.

టీచరు సంచి తగిలించుకుని లేవగానే గువ్వ ఆమె కొంగు పట్టుకుంటుంది. ఆమె వదిలించుకుని గుమ్మం దాకా వెళ్లాక గువ్వ వెనకనుంచి అరుస్తుంది, "రేపు రండి!" అని.

ఆ మాట అని, నిజంగానే ఎదురుచూసే మనిషిని నేను చూడటం ఇదే మొదలు.