చిలుకకు వచ్చిన జరం

అమ్మలారా, అయ్యలారా, చేతిలో పని కాస్త కింద పెట్టి ఇటు దగ్గరికి వచ్చి కూర్చోండి. వెనకనున్నవాళ్ళు ముందుకు జరగండి. చెప్పేది మంచి మాటే గానీ, గట్టిగా చెబితే కొందరు నొచ్చుకుంటారు.

మాట ఏమిటంటే, విమానంలో కుక్కనో పిల్లినో చిలుకనో పరదేశం తీసుకుపోవడానికి కంపెనీవాళ్ళు పెట్టిన రూల్సు ఉన్నాయే, అంతకంటే గొప్ప ధర్మం ఈ భూమ్మీద ఇంకొకటి లేదు! నవ్వకండి. నేను బడి ముఖం చూసింది తక్కువే, ఎడ్లబండి, పుట్టి పడవ, గద్వాల రైలు తప్ప మరొకటి ఎక్కిందీ లేదు. అయినా ఆ రూల్సు నాకు నోటికి వచ్చు.

మా ఇటిక్యాలలో పక్కింటి అబ్దుల్ మజీద్ పల్లీల వ్యాపారి. అతని ఒక్కగానొక్క బిడ్డ రహీమున్నీసాను పట్నం పిల్లవాడు హైదర్‌కిచ్చి చేశారు. హైదర్‌కు సముద్రం అవతల బస్రా రేవులో గుమాస్తా నౌకరీ. పెద్ద యుద్ధం ముగిసిన మరుసటి ఏడు పెండ్లాన్ని తీసుకుపోవడానికి వచ్చాడు. ఓడలో కాదు, విమానంలో! ఊరు ఊరంతా తల పైకెత్తింది, విమానం వచ్చి అబ్దుల్ మజీద్ ఇంటి పెరట్లోనే దిగుతుందన్నట్టు.

రహీమున్నీసా ఒక్క షరతు పెట్టింది. తన చిలుక కూడా రావాలి.

"మా ఆయనకు తెలుగు సగమే వస్తది. ఆడ బస్రాల ఆ సగం గూడ ఎవ్వలకు రాదు. మన బాసల ముచ్చట పెట్టెటందుకు నాకొకటి ఉండాలె గదా అవ్వా" అంది.

న్యాయమే! ఆ చిలుక మాటలన్నీ ఆ పిల్ల మాటలే. రహీమున్నీసాకు ప్రతిదానికీ 'జర ఆగు', అంటే కాస్త ఆగు, అనడం అలవాటు. పాలు పొంగితే జర ఆగు, మేక తాడు తెంపుకుంటే జర ఆగు, తండ్రి కేకేస్తే జర ఆగు అబ్బా. చిలుక కూడా అదే పట్టుకుంది.

హైదర్ పట్నం పోయి, విమానం ఆఫీసులో రూల్సు కనుక్కొని వచ్చి, అరుగు మీద కూర్చుని మాకు వినిపించాడు. పంజరంలో చిలుక రెక్కలు చాపేంత చోటుండాలట. నాలుగు పక్కలా గాలి ఆడాలట. నీళ్ళ గిన్నె ఒలకకుండా బిగించాలట. ఎక్కే ముందు మరీ తినిపించకూడదు, ఆకలితోనూ ఉంచకూడదు. బెదరకుండా పైన గుడ్డ కప్పాలి. దిగినచోట అందుకునే మనిషెవరో ముందే చెప్పాలి. అన్నిటికీ మించి, పశువుల డాక్టరు చూసి ఒంట్లో బాగుందని రాసిస్తేనే ఎక్కనిస్తారు!

ఎంత దయ! ఎంత ముందుచూపు! వీపనగండ్ల నుంచి నన్ను కాపురానికి తెచ్చినప్పుడు, బండిలో జొన్న బస్తాల మధ్య నాకు చేతులు చాపే చోటుందా అని ఎవరైనా చూశారా? పుట్టిలో కృష్ణ దాటుతుంటే నాకు కళ్ళు తిరిగాయి. 'పిల్లకు సిగ్గెక్కువ' అని మురిసిపోయారు!

మా ఊరి వడ్రంగి వడ్ల ఈరన్న పంజరం చేశాడు. చిన్నదైందని విప్పి మళ్ళీ చేశాడు. "మజీద్ భాయ్, గిది పంజరమా, పెండ్లి పందిరా? నా ఇంట్ల గూడ గింత గాలి ఆడదు. చిలుకను ఆపి నన్ను తోలుండ్రి" అన్నాడు.

ఊరంతా పంజరం చుట్టూ తిరుగుతుండగా, రహీమున్నీసాకు చలిజ్వరం పట్టుకుంది.

"అవ్వా, ఒళ్ళంత కాలుతుంది. జర ఆగి పోదామంటే ఎవ్వలు ఇంటలేరు" అంది నా ఒళ్ళో తల పెట్టి. ఆ తల పెనంలా ఉంది.

నేను మజీదు దగ్గరికి పోయాను. "ఏం మజీదూ, పిల్లకు జరమొస్తే జూడవా?"

"అది జరం గాదు పెద్దమ్మా. పుట్టిల్లు ఇడిసి పోయే పిల్లకు గట్లనే ఉంటది. విమానమెక్కితే సల్లగాలికి అదే తగ్గుతది" అన్నాడు, పంజరం గడియ సరిచేస్తూ.

హైదర్‌నూ అడిగాను. చెడ్డవాడు కాదు పాపం. అప్పటికే ఆఫీసులో అడిగి చూశాడట. "ఆ దినం ఎక్కకుంటే టికెట్ ఖతం అంటున్నరు నానీ. మనుషుల బుఖార్‌కు రూలే లేదంటున్నరు. నేనేం జెయ్యాలె?"

నిజమే కదా! రూలు లేనిదానికి ఎవరు మాత్రం ఏం చేస్తారు?

ప్రయాణం దగ్గర పడింది. డాక్టరు సర్టిఫికెట్ కోసం గద్వాల పశువుల దవాఖానకు బండి కట్టాం. బుర్ఖాలో రహీమున్నీసా, ఆమె ఒళ్ళో పంజరం, పక్కన నేను, ముందు మామా అల్లుళ్ళు. డాక్టరు జయరాజుగారు గోదావరి దిక్కు నుంచి కొత్తగా వచ్చారు. మంచి మనిషి. కాకపోతే మా మాట ఆయన చెవికింకా పట్టలేదు.

వేలు లోపల పెట్టబోతే చిలుక కొరికింది. కొరికి అరిచింది: "జర! జర! జర ఆగు!"

"జరమా?" అని డాక్టరుగారు అదిరిపడ్డారు. "ఆగట్లేదా? ఎన్నాళ్ళ నుంచండీ?"

"నై, నై, డాక్టర్ సాబ్!" హైదర్ పరేషానయ్యాడు. "జరం గాదు, జర! జర అంటే థోడా! థోడా!"

"తోడా? ఉండాల్సిందేనండీ! జబ్బు చేసిన పక్షిని ఒంటరిగా వదిలేస్తారా ఎవరైనా? చూడండి, ఎలా వణికిపోతోందో!"

పంజరం నిజంగానే వణుకుతోంది. పట్టుకున్న చేతులు వణుకుతుంటే పంజరం ఊరుకుంటుందా?

"దీన్ని పెంచిందెవరు?" అని అడిగారాయన.

మజీదు నోరు తెరవబోయాడు. నేను అతని కాలు గట్టిగా తొక్కాను.

"ఈ పిల్లనే సాబ్. ఈమె పక్కన లేకుంటే అది గుటక నీళ్ళు గూడ ముట్టది" అన్నాను.

"అయితే ఈ అమ్మాయి దాని పక్కనుంచి కదలకూడదు మామ్మగారూ. జరం పూర్తిగా తగ్గేదాకా ప్రయాణం మాటే వద్దు. గదిలో గాలి కొట్టకుండా పడుకోబెట్టండి. ఎవరూ అరవకండి. కాచి చల్లార్చిన నీళ్ళు ఇవ్వండి. దానిమ్మ గింజలు దొరికితే మరీ మంచిది."

హైదర్ టెలిగ్రాం కొట్టాడు. కంపెనీ నుంచి వెంటనే జవాబు. మూగజీవికి బాగయ్యాకే తీసుకురండి, టికెట్ తర్వాతి తేదీకి జరుపుతాం, తోడుండే మనిషిది కూడా జరుపుతాం! పెండ్లాం హోదాలో రహీమున్నీసాకు దొరకని గడువు, చిలుక తోడు హోదాలో దొరికింది. హైదర్ ఆ తోడుకు తోడు కనుక అతనికీ దొరికింది.

ఇక చూడాలి ఆ ఇంటి వైభోగం! పల్లీల బేరగాళ్ళు గుసగుసలాడుతూ బేరాలు చేశారు. హైదర్ గద్వాల సంతంతా తిరిగి దానిమ్మ పండ్లు తెచ్చాడు. ఆ పిల్ల అంతకుముందు నోరు చేదుగా ఉందని అడిగితే దొరకని పండ్లే అవి! మనుషుల దవాఖాన నుంచి నేను క్వినైను తెప్పించాను. చేదంతా పిల్లకు, నాలుగు గింజలు చిలుకకు, మిగతా పండంతా మళ్ళీ పిల్లకు. ఈరన్న రోజూ వాకిట్లో నిలబడి "చిలుకకెట్లున్నది?" అని అడిగిపోయేవాడు. నిక్షేపంలా ఉన్న చిలుక మాత్రం, తనతో ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదని అలిగి కూర్చుంది.

ఒక సాయంత్రం మజీదు గదిలోకి వచ్చాడు. "బిడ్డా, చిలుక జరం తగ్గిందా?"

"తగ్గింది అబ్బా. చెమట పట్టింది."

మజీదు చిలుకను చూశాడు. చెమటకు తడిసిన బిడ్డ రవికను చూశాడు. పంజరం మీద కప్పిన దుప్పటి తీసి బిడ్డ మీద కప్పి, తలుపు మెల్లగా దగ్గరికి వేసి పోయాడు.

తర్వాత వాళ్ళు సుఖంగా విమానమెక్కారు. నెమ్మదించిన పిల్ల, నెమ్మదించిన చిలుక, సర్టిఫికెట్ మాత్రం ఒక్క చిలుకకే.

కనుక ఆడపిల్లను దూరదేశం పంపేవాళ్ళందరికీ నేను చెప్పేది ఒక్కటే. నగలు తర్వాత చూసుకోవచ్చు, ముందొక చిలుకను కొనివ్వండి! పిల్లకు జరమొస్తే బెంగ అంటాం, సిగ్గంటాం, దారిలో తగ్గుతుందంటాం. చిలుకకు వస్తే విమానం ఆగుతుంది. ఆడదాని కోసం రూలు పుట్టేదాకా ఆమె చిలుకకు తోడుగా బతికితేనే క్షేమం.

చిలుక దొరకలేదంటారా? అయితే ఈ ముచ్చటైనా గుర్తు పెట్టుకోండి. మీ ఇంట్లో ప్రయాణం కట్టిన రోజున అందరినీ కూర్చోబెట్టి చెప్పండి. కృష్ణ దాటించినా సముద్రం దాటించినా సరే, పోయే పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి మరీ చెప్పండి.