జైపాల్ కాక బీపీ సాధన

రక్తపోటు లేని గోదావరిఖనిని నిర్మించి తీరుతాం! ఈ ప్రతిజ్ఞ చేసింది ఎవరనుకున్నారు? మా సిద్ధవైద్య ప్రచార సంఘం అధ్యక్షుడు, బొగ్గుబాయి కార్మికుడు, మా పక్క క్వార్టర్ జైపాల్ కాక. నేను కార్యదర్శిని. అంటే కషాయం బిందె మోసేవాణ్ణి.

ప్రతి ఆదివారం కాక వేదికెక్కేవాడు. వాత పిత్త కఫాలు అదుపు తప్పితే నెత్తురు ఎలా పొంగుతుందో, పద్దెనిమిది మంది సిద్ధులు మునగాకుతో, వెల్లుల్లితో దానికెలా కళ్లెం వేశారో చెబుతుంటే ఆడవాళ్లు కళ్లొత్తుకునేవాళ్లు. చివర్లో గ్లాసెత్తి కషాయం నోట్లో పోసుకునేవాడు. జనం చప్పట్లు! కాక వేదిక వెనక్కి పోయి పుక్కిట్లో ఉన్నదంతా ఉమ్మేసేవాడు.

"ఎందుకు కాకా?" అన్నాను ఒకసారి, ఉండబట్టలేక.

"వచ్చే నెల నాకు మెడికల్ బోర్డున్నదిరా. బీపీ ఎక్కువున్నదని అన్‌ఫిట్ చేస్తెనే గదా, మా కొడుకు రుత్విక్‌కు నా నౌకరీ వచ్చేది! బీపీ తగ్గిందనుకో, పోరడు ఆగమైతడు."

"మరి జనానికి తాగిస్తున్నం గదా?"

"జనానికి ఆరోగ్యం గావాలె. నాకు బీపీ గావాలె!"

ఆ నెలంతా కాక సాధన చూసి తీరాలి! పొద్దున ఆవకాయ, మధ్యాహ్నం ఎండుచేపల పులుసు, రాత్రి అప్పడాల మీద ఉప్పు. కళ్లు తిరిగి గోడ పట్టుకుంటే, "వస్తున్నది, వస్తున్నది!" అని సంబరపడేవాడు. ఆయన భార్య యమున చిన్నమ్మ అన్నీ దగ్గరుండి వడ్డించేది.

బోర్డు రోజు తోడు నేనే వెళ్లాను. డాక్టరు కాక చేతికి పట్టీ కట్టి, గాలి కొట్టి చూశాడు. మళ్లీ కొట్టి చూశాడు.

"నూట ఇరవై, ఎనభై. ఫిట్!"

కాక స్టూలు మీంచి లేచాడు. "మిషను ఖరాబున్నది సార్!"

"మీరు కషాయం సంఘం ప్రెసిడెంటు కదా? మీ మందు భలే పనిచేసిందండీ!"

సంఘం పరువా, కొడుకు నౌకరీయా? ఎంతైనా తండ్రి ప్రాణం! "పిల్లల మీద ఒట్టు సార్! ఆ కషాయం నేను ఒక్క సుక్క మింగలే!"

నేను తల దించుకున్నాను. డాక్టరు మాత్రం కాక భుజం తట్టాడు. "ఏ మందూ లేకుండానే నార్మలా? అయితే ఇంకా గట్టి మనిషివి! రిటైరయ్యేదాకా బాయి దిగొచ్చు!"

ఇంటికొచ్చి కాక కూలబడ్డాడు. "ఎట్ల తగ్గిందే? నా బీపీ ఎట్ల తగ్గింది?"

చిన్నమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంది. "దవాఖానల నీకిచ్చిన గోలీలు అటకెక్కిస్తివి గదా. రోజుకొక్కటి నూరి పులుసుల కలిపిన."

"నీకేమన్న పిచ్చా? పోరని నౌకరీ పాయె!"

"పోరడు ఇంకో నౌకరీ ఎతుక్కుంటడు. నువ్వు పోతే, నిన్ను నేనేడ ఎతుక్కోవాలె?" అంటూనే చిన్నమ్మ ఏడ్చేసింది.

కాక రుమాలు విసిరికొట్టాడు. గుప్పిళ్లు బిగించాడు. కళ్లురిమాడు. పాపం, ఎంత ప్రయత్నించినా కోపం రాలేదు. బీపీ ఉంటే కదా!