ఎండకు శంకుస్థాపన

అనంతపురం ఎండను ఇకపై వృథా కానివ్వబోనని మా ఊరి ఆస్పత్రి కమిటీ చైర్మన్ బయ్యన్నగారు ప్రకటించారు. ప్రకటన శామియానా కింద, రెండు కూలర్ల మధ్య జరిగింది. ఇంత ముందుచూపున్న నాయకుడు దొరకడం మా అదృష్టం.

దీనికంతటికీ మూలం అంజలి. వేరుశనగ చేలలో కూలికి పోతుంది. పెళ్లయి ఆరేళ్లయినా పిల్లల్లేరు. అత్త అప్పుడే కొడుక్కి ఇంకో సంబంధం వెతుకుతోంది. డాక్టర్ కృపాకుమారి రక్తపరీక్ష చేయించి, విటమిన్ డి బాగా తక్కువుందని, గర్భం రాకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చని, ముందు మాత్రలు వాడి చూద్దామని చెప్పారు. ఆస్పత్రిలో మాత్రల్లేవు. తెప్పించాలంటే కమిటీ ఒప్పుకోవాలి.

అంజలి చైర్మన్‌గారి ఇంటికి వచ్చినప్పుడు నేనక్కడే టీ తాగుతున్నాను.

"డి అంటే ఎండ కదమ్మా. మనకాడ ఎండకేమన్నా కరువుండాదా?" అన్నారాయన.

"దినామూ ఎండలోనే కదన్నా ఉండేది. చీరమీద మా ఆయనది ఫుల్‌చేతుల చొక్కా తొడుక్కొని, మొగానికి టవలు చుట్టుకుంటా. లేకుంటే తోలు ఊడొస్తాది."

"అయితే తప్పు ఎండది కాదు, చొక్కాది."

సమస్య మూలాన్ని ఇంత త్వరగా పట్టుకున్న మనిషిని నేను చూడలేదు. వెంటనే 'సూర్య సంతాన కేంద్రం' మంజూరైంది. ఆడవాళ్లు ఎండలో కూర్చోవడానికి పక్కా భవనం. స్లాబు వేస్తే లోపలికి ఎండెలా వస్తుందని డాక్టరమ్మ అడిగారు.

"కప్పు లేని దానికి బిల్లు యాడొస్తాదమ్మా?" అన్నారు చైర్మన్‌గారు.

ఆ కట్టడానికి ఇటుకలు మోసింది అంజలే, అదే చొక్కాతో.

డాక్టరమ్మ పోరగా పోరగా మాత్రలూ వచ్చాయి. ఎండ తగలని చల్లని చోట ఉంచాలని పెట్టె మీద రాసుంది. మా ఊళ్లో అలాంటి చోటు చైర్మన్‌గారి ఏసీ ఇల్లే. పెట్టె అక్కడికి చేరింది. ఆయన కోడలు లహరి ఉండేదీ ఆ ఇంట్లోనే. పిల్లల కోసం ఆమె మొక్కని దేవుడు లేడు. అంజలి పోయి అడిగితే, ప్రారంభోత్సవం కానివ్వమని, మాత్రలు అందరికీ ఒకేసారి ఇస్తామని అన్నారు. ఆ మాట పట్టుకుని ఆమె అత్తను బతిమాలి, రెండో సంబంధం మాట ఆపించింది.

ఏడెనిమిది నెలలకు జరిగిన ప్రారంభోత్సవంలో రిబ్బన్ కత్తిరించింది లహరి. ఐదో నెల. కేంద్రం తొలి ఫలితం ఆమేనని, ఇదంతా మన ఎండ మహిమేనని చైర్మన్‌గారు మైకులో చెప్పారు. మేమంతా చప్పట్లు కొట్టాం. లహరికి గొడుగు పట్టే పని అంజలికిచ్చారు.

ఆయన మైకు వదలగానే అంజలి మెల్లగా అడిగింది. "మాత్రలు ఇస్తారా, అన్నా?"

"అయిపోయినాయమ్మా. అయినా నీకేం తక్కువ, నీకు ఎండ ఉండాది కదా."

అంజలి కళ్లలో నీళ్లు తిరిగాయి. లహరి మొహాన ఎండ పడుతోందని ఎవరో అంటే, గొడుగు సర్ది పట్టుకుంది.